జూన్ ఏటా వస్తుంది

జీతంలో సగం అవసరాలకి, ముప్పై శాతం ఇష్టాలకి, ఇరవై శాతం పొదుపుకి అని చెప్పే వీడియోలు ఈ మధ్య తెలుగులో తెగ తిరుగుతున్నాయి. చెప్పేవాళ్ళు ఓపిగ్గానే చెబుతున్నారు, అందులో తప్పుడు మాటా లేదు. కానీ ఆ సూత్రాన్ని తెచ్చి విజయనగరంలోనో శ్రీకాకుళంలోనో నెలకి ముప్పై వేలతో నడిచే ఇంటి మీద పెడితే పొసగదు. డబ్బు తక్కువ కాబట్టి పొసగదన్నది ఎలాగూ ఉంది. దానికంటే పెద్ద కారణం, మన ఇళ్ళలో ఖర్చు నెలల లెక్కన రాదు. ఏడాది లెక్కన వస్తుంది, కొన్నయితే మూడేళ్ళ లెక్కన వస్తాయి.

జూన్ మొదటి రెండు వారాల్లో విజయనగరం మూడు లాంతర్ల వైపో, శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి వైపో వెళ్ళి, బంగారం మీద అప్పిచ్చే చోట కాసేపు నిలబడి చూడండి. ఒక చేతిలో బడివాళ్ళు రాసిచ్చిన పుస్తకాల చీటీ ఉంటుంది. రెండో చేతిలో చిన్న గుడ్డ మూట, అందులో చెవిదిద్దులో ఉంగరమో. ఎదురుపడ్డవాళ్ళు అడిగితే ఒకటే జవాబు: "ఏటి చేస్తామప్పా, జూనొచ్చీసింది గదా." తుపాను వచ్చిందన్నట్టే అంటారు ఆ మాట. జూన్ ఎప్పుడొస్తుందో పోయిన జూన్‌లోనే తెలుసు. ఫీజు ఎంతో ఓ వెయ్యి అటూ ఇటూగా తెలుసు. అయినా అది "అనుకోని ఖర్చు" కింద పోతోంది. ఇలా వచ్చేవాళ్ళలో దుబారా చేసేవాళ్ళు ఎంతమందని? కొత్తిమీర కట్ట దగ్గర కూడా బేరమాడే ఇళ్ళే ఎక్కువ. రోజువారీ ఖర్చులో అంత గట్టిగా ఉండే ఇల్లు ఏటా అదే నెలలో అప్పు చేస్తోందంటే, లోపం ఆ ఇల్లాలి చేతిలో లేదు. లెక్క రాసే పద్ధతిలో ఉంది.

ముప్పై వేల ఇంటి లెక్క

అంకెలు వేసి చూద్దాం. ఇవి లెక్క ఎలా వేయాలో చూపడానికి పెట్టినవి, ఫలానా వాళ్ళవి కావు. మీవి మీరు వేసుకోండి. ఊరు విజయనగరం, అద్దె ఇల్లు, ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, ఇద్దరూ ప్రైవేటు బడిలో. అద్దె రూ.6,500. బియ్యం, పప్పు, నూనె, మిగతా సరుకులు రూ.6,500. రోజుకి లీటరు పాలు రూ.1,800. కూరలు, చేపలు, గుడ్లు రూ.3,500. గ్యాస్ నలభై అయిదు రోజులకో బండ చొప్పున నెలకి రూ.600. కరెంటు రూ.900. ఫోన్లు, టీవీ రూ.900. పెట్రోలు రూ.1,800. పిల్లల ఆటో, ట్యూషన్ రూ.1,500. మందులు రూ.500. మొత్తం రూ.24,500. చేతిలో రూ.5,500 మిగిలినట్టు కనబడుతుంది. నూటికి పద్దెనిమిది అన్నమాట. వీడియోవాళ్ళు చెప్పిన ఇరవైకి దగ్గరే కదా అని మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు ఏడాదికోసారి వచ్చేవి రాయండి. ఇద్దరి ఫీజు రూ.36,000. పుస్తకాలు, యూనిఫాం, బూట్లు రూ.9,000. పెద్దపండగ సంక్రాంతికి బట్టలు, పిండివంటలు, ఆడపిల్ల సారె రూ.14,000. వినాయక చవితి, దసరా, దీపావళి, పైడితల్లమ్మ సిరిమాను పండక్కి వచ్చే చుట్టాలు, అన్నీ కలిపి రూ.6,000. పెళ్ళిళ్ళ చదివింపులు రూ.8,000. బండి ఇన్సూరెన్స్, సర్వీసు, ఒక టైరు రూ.5,000. ఏడాదిలో ఒక పెద్ద జ్వరం రూ.6,000. మిక్సీ, ఫ్యాను, ఫోను, వీటిలో ఏదో ఒకటి పోతుంది, రూ.5,000. భార్యాభర్తలకి ప్రధానమంత్రి జీవనజ్యోతి, సురక్ష బీమాలు తలకి రూ.456 చొప్పున రూ.912. మూడేళ్ళకోసారి వచ్చే ఊరి గ్రామదేవత సంబరం రూ.45,000 అనుకుంటే ఏడాదికి రూ.15,000. మొత్తం రూ.1,04,912. పన్నెండుతో భాగిస్తే నెలకి రూ.8,743.

ఉన్నది 5,500, కావలసింది 8,743. ఏడాది తిరిగేసరికి రూ.38,912 లోటు. తాకట్టుకి వెళ్తున్నది ఈ ముప్పై తొమ్మిది వేలే. దురదృష్టం అనీ, గ్రహచారం అనీ దానికి పేర్లు పెట్టక్కర్లేదు. జనవరిలోనే కాగితం మీద కనబడవలసిన అంకె అది. నెల ఖర్చులు రాసే పుస్తకంలో ఆ గడి లేకపోవడం వల్ల కనబడలేదు, అంతే.

అందుకే నా మాట ఇది. నెల పుస్తకం రాయండి, మానొద్దు. కానీ దాని మొదటి పేజీలో నెల ఖర్చు కాకుండా పన్నెండు గడులు గీసి, ఏ నెలలో ఏ ఏటి ఖర్చు పడుతుందో రాయండి. కందిపప్పు ధర ఆ తరవాత సంగతి. పండగలు ఏటా ఒకే తారీఖున రావని గుర్తుంచుకోవాలి. 2025లో దసరా అక్టోబరు 2న వచ్చింది. 2026లో అధిక జ్యేష్ఠం పడటంతో 20వ తేదీకి జరుగుతుంది. జీతం ఒకటో తారీఖున వచ్చే ఇంటికి ఈ పద్దెనిమిది రోజుల తేడా చాలా పెద్దది. క్యాలెండరు కొత్తది రాగానే చూసి రాసుకోవాలి.

మే గడిలో చిన్న అక్షరాలతో ఒకటి తప్పకుండా ఉండాలి. ఆ రెండు బీమాలకీ సంవత్సరం జూన్ 1 నుంచి మే 31 వరకు. మే చివరి వారంలో బ్యాంకు తనంతట తానే రూ.436, రూ.20 కోసుకుంటుంది. ఆ వారం ఖాతాలో డబ్బు లేకపోతే బీమా ఆగిపోతుంది. మే నెలాఖరంటే పుస్తకాల కోసం ఖాతా ఊడ్చేసే రోజులే. ఒక్కోటి రెండు లక్షల రక్షణ, రెండూ కలిపి నాలుగు వందల యాభై ఆరు రూపాయలు చేతిలో లేక పోతాయి. పోయాయని ఆ ఇంటికి తెలిసేది, వాటి అవసరం వచ్చిన రోజునే.

సంబరం, చదివింపులు

పొదుపు గురించి బయటివాళ్ళు రాసే పుస్తకాల్లో మన అమ్మోరి పండగకి చోటు లేదు. ఉత్తరాంధ్ర పల్లెల్లో గ్రామదేవత సంబరం మూడేళ్ళకో అయిదేళ్ళకో, కొన్ని ఊళ్ళలో ఇంకా ఎడంగానో వస్తుంది. ఊరొదిలి హైదరాబాదులోనో చెన్నైలోనో పనిచేసేవాళ్ళు కూడా ఆ మూడు రోజులకీ వచ్చేస్తారు. ప్రతి ఇంటికీ ఇరవై ముప్పైమంది చుట్టాలు. వేటపోతు, బియ్యం, ఆడపడుచులకి చీరలు, ఇంటికి సున్నాలు, చందా. ఇది మానమని చెప్పడం సులువు. నేను చెప్పను. ఏళ్ళ తరబడి కలవని మనుషులు ఒక చోట కూడేది అప్పుడే, దాన్ని ఖర్చు గడిలో పెట్టి కొట్టేయడం నాకు ఇష్టం లేదు. కానీ ముప్పై ఆరు నెలలు ముందే తెలిసిన పండక్కి పదిహేను రోజుల ముందు నూటికి మూడు వడ్డీకి తెచ్చి చేయడం వేరు. నలభై అయిదు వేలని ముప్పై ఆరుతో భాగిస్తే నెలకి రూ.1,250. అదే నలభై అయిదు వేలు నూటికి మూడుకి తెస్తే వడ్డీ ఒక్కటే నెలకి రూ.1,350. వడ్డీ కట్టగలిగిన ఇల్లు అంతకంటే తక్కువే కూడబెట్టవలసి వచ్చేది.

సంబరంలో నిజంగా తగ్గించగలిగేది తిండి కాదు, బట్టలు. వచ్చిన ఆడపడుచులందరికీ ఒకే ధర చీరలు అని ఇంట్లో ముందే అనుకుని, ఆషాఢం తగ్గింపుల్లో ఒకేసారి తీసుకుంటే తేడా బాగా తెలుస్తుంది. పిల్లల బట్టలు మాత్రం అలా ముందు కొనకూడదు. ఆరు నెలల్లో పొడవు మారిపోతారు.

చదివింపుల విషయంలో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు. వాటిని తగ్గించొద్దనే అంటాను. పెళ్ళి పందిట్లో పేరు, ఊరు, మొత్తం మైకులో చదివి పుస్తకంలో రాసుకుంటారు కదా, ఆ పుస్తకం ఒక అప్పుల పట్టీ. మనింట్లో పెళ్ళికి ఆయన అయిదు వందలు చదివించాడు, ఆయనింట్లో అవుతున్నప్పుడు మనం అంతకు ఓ వంద వేసి ఇవ్వాలి. అది ఊరంతా కలిసి నడుపుకునే పొదుపు. అందులోంచి ఒక ఇల్లు పక్కకు తప్పుకుంటే, రేపు ఆ ఇంట్లో పెళ్ళి జరిగిన రోజున పుస్తకం ఖాళీగా ఉంటుంది. కాబట్టి చేయవలసిందల్లా పాత పుస్తకం బయటికి తీసి, ఎవరికి ఎంత తిరిగి ఇవ్వాలో, వాళ్ళింట్లో పెళ్ళీడు పిల్లలెవరో గుర్తులు పెట్టుకోవడం. మాఘ ఫాల్గుణాల్లో, వైశాఖ జ్యేష్ఠాల్లో, శ్రావణంలో ఈ ఖర్చు గుంపుగా వచ్చి పడుతుంది. పుష్యం, ఆషాఢం, భాద్రపదం ఖాళీ. ఆ ఖాళీ నెలల్లో తీసి పెట్టిందే ముహూర్తాల నెలల్లో ఆదుకుంటుంది.

వంటింట్లో ఎంత మిగులుతుంది

పొదుపు అనగానే అందరి చూపూ వంటింటి మీద పడుతుంది. అక్కడ మిగలదని కాదు. ఎంత మిగులుతుందో సరిగ్గా లెక్క వేసి, అంతకు మించి ఆశించకపోవడం మంచిది.

బియ్యం తీసుకోండి. 2022 జులైలో 25 కిలోల లోపు ముద్రేసిన సంచుల మీద అయిదు శాతం జీఎస్టీ వచ్చాక, మన దగ్గర సంచి 26 కిలోలకి మారింది. ధర పోల్చేటప్పుడు ఇరవై అయిదుతో భాగిస్తే లెక్క తప్పుతుంది. సంక్రాంతి వేళకి కొత్త బియ్యం వస్తాయి. సాంబమసూరి గానీ, మన రాగోలు పరిశోధన కేంద్రంలో పుట్టిన శ్రీకాకుళం సన్నాలు గానీ, పాతవాటి కంటే కిలోకి అయిదు రూపాయలు తక్కువకి దొరికాయనుకుందాం. పది సంచులు, 260 కిలోలు తీసుకుని ఇంట్లోనే పాతబడనిస్తే రూ.1,300 మిగులు. చేతిలో డబ్బుండి కొంటేనే ఇది. కిలో రూ.48 చొప్పున పన్నెండున్నర వేలు నూటికి రెండుకి తెచ్చి కొంటే నెలకి దాదాపు రూ.250 వడ్డీ. అయిదో నెల దాటగానే మిగులు హుళక్కి. గుత్తగా కొనడంలో లాభం అప్పు లేని ఇంటికే.

నిల్వ దగ్గర తప్పులు జరుగుతాయి. సంచులు నేల మీద పెడితే అడుగు చెమ్మ పీలుస్తుంది. చెక్క పలకల మీద, గోడకి జానెడు ఎడంగా పెట్టాలి. ముక్కు పురుగు కనబడగానే చాలామంది బియ్యం ఎర్రటి ఎండలో పోస్తారు. గింజ పెళుసెక్కి, వండేసరికి సగం నూకలే. బియ్యం నీడలోనే ఆరాలి. కందిపప్పు అలా కాదు, దానికి రెండు రోజులు గట్టి ఎండ కావాలి. ఎండనుంచి తీసి వేడిగా డబ్బాలో పోసి మూత పెడితే లోపల చెమర్చి బూజు పడుతుంది. రాత్రంతా చల్లారనిచ్చి, కిలోకి ఒక చెంచా ఆముదం అరచేతుల్లో వేసుకుని గింజగింజకీ పట్టేలా రుద్ది అప్పుడు పోయాలి. మన తీరప్రాంతపు గాలిలో శ్రావణ భాద్రపదాలకి ఎంత బాగా పెట్టినా మళ్ళీ ఒకసారి తీసి చూసుకోవలసిందే.

చింతపండు మాఘం నుంచి చైత్రం దాకా సీతంపేట, సాలూరు, కురుపాం సంతల్లోకి దిగుతుంది. నలుగురున్న ఇంటికి రోజుకి ఇరవై గ్రాముల చొప్పున ఏడాదికి ఏడు కిలోల పైచిలుకు. పిక్కతో ఉన్నది కిలో ఎనభై, పిక్క తీసింది నూట ఇరవై అంటే మొదటిది చవక అనిపిస్తుంది. పిక్కా ఈనెలూ తీసేసరికి మూడో వంతు పోతుంది, రెండూ ఒకటే ధర. పైగా తీసే పని మనది. కాబట్టి పిక్కతో కొనేటప్పుడు నూట ఇరవైలో మూడింట రెండు వంతుల కంటే తక్కువ ఉంటేనే కొనాలి. తెచ్చాక ఒక పూట ఎండలో పెట్టి, మెత్తబడ్డాక పిక్క వలిచి, జాడీ అడుగున కల్లుప్పు చల్లి, ఒక వరస చింతపండు పిడికిలితో నొక్కి, మళ్ళీ ఉప్పు, మళ్ళీ వరస. గాలి సందు లేకుండా నొక్కడంలోనే ఉంది అంతా. వదులుగా పెట్టిన చోట నుంచే నలుపెక్కడం, పురుగు పట్టడం మొదలవుతుంది. అల్యూమినియం గిన్నెలో, ఇనప డబ్బాలో పెట్టకూడదు. పులుపు లోహాన్ని తినేస్తుంది.

కరెంటు సంగతికి వస్తే, మన రాష్ట్రంలో ఇళ్ళకి మొదటి 30 యూనిట్లు రూ.1.90, 75 దాకా రూ.3, 125 దాకా రూ.4.50, 225 దాకా రూ.6, 400 దాకా రూ.8.75. 220 యూనిట్లకి కరెంటు ధర రూ.987 అయితే, 300 యూనిట్లకి రూ.1,673. సర్‌చార్జీలు వేరే. అంటే ఆఖరి ఎనభై యూనిట్లకే దాదాపు ఏడు వందలు. పొదుపంతా ఆ చివరి మెట్టు మీద చేయాలి. పాత ఫ్యాను 75 వాట్లు లాగుతుంది, తక్కువ కరెంటుతో తిరిగే బీఎల్‌డీసీ రకం ఫ్యాను ముప్పై చుట్టూ. రోజుకి పదిహేను గంటలు తిరిగే పడకగది ఫ్యాను మారిస్తే నెలకి ఇరవై యూనిట్లు, ఆరు రూపాయల మెట్టులో రూ.120. రెండేళ్ళ చిల్లరలో దాని ఖరీదు తిరిగొస్తుంది. సాయంత్రం మూడు గంటలు తిరిగే ముందుగది ఫ్యాను మారిస్తే నెలకి నాలుగు యూనిట్లే, పాతికలోపు. దాన్ని పాడయ్యేదాకా కదపక్కర్లేదు. ప్రభుత్వ పథకాలు అందుకునే ఇళ్ళు నెలకి సగటున 300 యూనిట్లు దాటకుండా చూసుకోవాలి, అర్హత దానితో కూడా ముడిపడి ఉంది.

గ్యాసుకి రాష్ట్ర ప్రభుత్వ పథకం దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితం. 2024 నవంబరు 1న అది మొదలైంది మన ఇచ్ఛాపురం దగ్గర ఈదుపురంలోనే. అయితే డబ్బు ముందు మనం కట్టాలి, తరవాత ఖాతాలో పడుతుంది. ఉచితమే అయినా ఒక బండ ఖరీదు ఎప్పుడూ చేతిలో ఉండాలి. అది లేక పక్కింట్లో చేబదులు తెచ్చే ఇళ్ళున్నాయి.

ఇదంతా గట్టిగా పట్టుకుంటే ఏడాదికి ఎంత? బియ్యం మీద పదమూడు వందలు, చింతపండు మిర్చి పప్పు మీద పదిహేను వందలు, కరెంటు మీద పద్దెనిమిది వందలు, గ్యాసులో ఒక బండ, రూ.900. మొత్తం రూ.5,500. ముప్పై తొమ్మిది వేల లోటులో ఏడో వంతు. వంటింట్లోనే అప్పు తీరిపోతుందని ఇల్లాలి మీద భారం వేసేవాళ్ళు ఈ ఏడో వంతుని గుర్తుపెట్టుకోవాలి.

వంటింట్లో ఇంతకంటే పెద్ద మొత్తం ఒకటి కనబడుతుంది, అదే నాకు భయం. పాలు లీటరు నుంచి అర లీటరుకి తగ్గిస్తే ఏడాదికి రూ.10,800. పై అన్నిటికీ దాదాపు రెట్టింపు, ఏ కష్టమూ లేకుండా వచ్చేస్తుంది. దయచేసి ఆ పని చేయకండి. గుడ్డు మీద, పాల మీద తగ్గించింది పిల్లల ఎముకల్లో తేలుతుంది. పొద్దున్నే పెద్దలు టీ బిస్కెట్ల బదులు చోడి (రాగి) అంబలి తాగితే డబ్బూ కలిసొస్తుంది, ఒంటికీ మంచిది. చోళ్ళలో నూరు గ్రాములకి 340 మిల్లీగ్రాముల పైనే కాల్షియం. ఎండు నెత్తళ్ళ చేపలు కూరలో ఒక గుప్పెడు వేస్తే మాంసకృత్తులూ కలుస్తాయి. పాయసంలోకి పలాసలో గుండు జీడిపప్పు బదులు బద్ద తీసుకోండి, రుచిలో తేడా లేదు. తగ్గించడానికి ఇలాంటి దారులు చాలా ఉన్నాయి, పాలగ్లాసు దగ్గరికి వెళ్ళక్కర్లేదు.

మిగతా ఆరు వంతులు

అసలు డబ్బు ఉన్నది పెద్ద పద్దుల్లో. పిల్లల్ని నడిచి వెళ్ళే దూరంలో ఉన్న బడికి మారిస్తే ఆటో ఖర్చులో ఏడాదికి తొమ్మిది వేలు. ప్రభుత్వ బడి దగ్గరలో బాగా నడుస్తుంటే ఫీజే పోతుంది. ఆ నిర్ణయం డబ్బు ఒక్కదానితో తీసుకునేది కాదని నాకు తెలుసు, కానీ కనీసం ఒకసారి వెళ్ళి చూసి రావాలి. పై తరగతి పిల్లల పుస్తకాలు పరీక్షలైన వారంలోనే అడిగితే రెండు వేలు. జూన్‌లో అడిగితే దొరకవు. పెద్దపండగ బట్టల్లో అయిదు వేలు, సంబరంలో ఏడాదికి ఆరు వేలు, ఫోన్లలో టీవీలో నెలకి మూడు వందలు, పెట్రోలులో మూడు వందలు. వంటింటివి కలిపితే రూ.34,700. ఇంకా నాలుగు వేల పైన తక్కువే. అది పొదుపుతో పూడేది కాదు, రాబడి పెరగాలి లేదా అద్దె తగ్గాలి. ఆ మాట దాచడం నాకిష్టం లేదు.

చీటీ వేస్తే సరిపోదా అని అడుగుతారు. చీటీలో క్రమశిక్షణ ఉంది, ఒప్పుకుంటాను. చిక్కు ఎక్కడంటే, జూన్‌లో మీకే కాదు, చీటీలో ఉన్న ఇరవై మందికీ డబ్బు కావాలి. పాట ఆ నెలలోనే ఎక్కువ తోసుకుంటుంది. లక్ష చీటీ పాతిక వేలు వదులుకుని పాడుకున్నవాళ్ళు జూన్ బేరం చేసినట్టు. ఏ అవసరమూ లేక ఆఖరుదాకా కూర్చోగలిగినవాళ్ళకే చీటీ లాభం. 1982 చిట్‌ఫండ్ చట్టం కింద రిజిస్టరయిన చీటీకి ఒక దిక్కుంది. వీధి చీటీకి మనిషి మాటే దిక్కు.

బడి ఖర్చుకి నాకు నచ్చే పద్ధతి బ్యాంకులో నెలనెలా ఇంతని కట్టే ఏడాది ఆర్డీ. నెలకి రూ.3,750 చొప్పున మేలో మొదలుపెడితే వచ్చే మేకి నలభై అయిదు వేలు, ఆరున్నర శాతం అనుకుంటే పదిహేను వందల పైన వడ్డీ. పోస్టాఫీసు ఆర్డీ వడ్డీ బాగున్నా అది అయిదేళ్ళది, మూడేళ్ళ లోపు మూయనివ్వరు. జూన్ ఫీజుకి అది పనికిరాదు, సంబరానికి పనికొస్తుంది. మూడేళ్ళు నిండాక మూస్తే మామూలు సేవింగ్స్ వడ్డీయే ఇస్తారు, ఆ సంగతి తెలిసే వేయాలి. ఆర్డీ తెరిచే ఖాతాకి ఫోన్‌పే గానీ గూగుల్‌పే గానీ కలపకండి, ఏటీఎం కార్డు తీసుకోకండి. ఇంట్లో పోపుల డబ్బాలో పెట్టిన డబ్బుకి పెద్ద శత్రువు దొంగ కాదు, చేబదులు. ఉందని తెలిశాక తోడికోడలికి లేదని చెప్పలేం. బ్యాంకులో పడి ఉందంటే ఎవరూ నొచ్చుకోరు.

జీతం లేని ఇళ్ళు

ఇదంతా ఒకటో తారీఖున జీతం వచ్చేవాళ్ళ లెక్క, తాపీపనివాడి ఇంట్లో ఎలా అని అడిగితే, ఆ ప్రశ్నకి బరువుంది. మాఘం నుంచి జ్యేష్ఠం దాకా నెలకి ఇరవై రెండు రోజులు పని, వానలు పట్టాక పది పన్నెండు. ఆ ఇంటికి నెలసరి సగటు వేయడం ప్రమాదం. బడ్జెట్ వానాకాలపు పది రోజుల కూలి మీద వేయాలి. ఎండాకాలంలో దానికి మించి వచ్చింది వానలకీ బడికీ ముందే పంచేయాలి. నెల బదులు వారం పట్టుకోవడం మేలు. సంత రోజున, సంతకి వెళ్ళేముందే, డ్వాక్రా పొదుపో ఖాతాలో జమో అయిపోవాలి. సంఘం అప్పు వచ్చినప్పుడు అందరికీ సమానంగా పంచుతారు కాబట్టి అవసరం లేకపోయినా తీసుకుంటారు. అలా తెచ్చిన యాభై వేలు మూడు నెలల్లో ఎటు పోయిందో తెలియదు, కిస్తీ మాత్రం రెండేళ్ళు ఉంటుంది. బడి పిల్లల తల్లులకి ప్రభుత్వమిచ్చే తల్లికి వందనం అందే ఇళ్ళలో పిల్లలకి తలకి పదమూడు వేల చొప్పున పడుతుంది. అది ఏ రోజు పడుతుందో బడివాడి గడువుతో సంబంధం ఉండదు. కాబట్టి ఆ డబ్బుని ఈ జూన్‌కి కాకుండా వచ్చే జూన్‌కి రాసుకోవడం భద్రం.

అక్టోబరు గడిలో రెండు మూడు వేలు నోట్లుగా ఉంచాలని కూడా అంటాను. 2014 అక్టోబరులో హుద్‌హుద్ తుపాను, 2018 అక్టోబరులో తిత్లీ తుపాను. తిత్లీ తరవాత ఉద్దానం ఊళ్ళలో రోజుల తరబడి కరెంటు లేదు. కరెంటు లేనప్పుడు ఫోనులో ఎంతున్నా పాలపాకెట్టు రాదు.

సంపాదన అంతా మద్యం దుకాణానికి పోయే ఇంట్లో పన్నెండు గడుల పేజీ ఏం చేస్తుందని అడిగిన వాళ్ళకి నా దగ్గర పూర్తి జవాబు లేదు. ఆమె పేరున, ఆమె ఫోను నంబరుతో వేరే ఖాతా ఉండి తీరాలి అన్నదొక్కటే గట్టిగా చెప్పగలను.

మొదటి ఏడాది

పాత అప్పు తీరుస్తూ కొత్త జూన్‌కి కూడబెట్టడం మొదటి ఏడాది కుదరదు. కుదురుతుందని నమ్మి మొదలుపెట్టినవాళ్ళు దసరాకే వదిలేస్తారు. అన్నిటికంటే ముందు చేయవలసింది నగని చోటు మార్చడం. బయట నూటికి రెండుకి ముప్పై తొమ్మిది వేలంటే నెలకి రూ.780 వడ్డీ. బ్యాంకులో ఏడాదికి తొమ్మిదిన్నర శాతం అనుకుంటే నెలకి రూ.310 లోపు. ఒక ఉదయం ఆధార్ కార్డుతో బ్యాంకుకి వెళ్ళి వస్తే నెలకి నాలుగు వందల డెబ్భై. వంటింట్లో ఏడాదంతా శ్రమపడి మిగుల్చుకున్న రూ.5,500 కంటే ఏడాదికి ఎక్కువే. బయట తీర్చడానికి రెండు రోజులు చేబదులు కావాలి, అదొక్కటే ఇబ్బంది. బ్యాంకు తాకట్టు గడువు ఏ తారీఖుతో ముగుస్తుందో పన్నెండు గడుల్లో ఎర్ర సిరాతో రాసుకోవాలి. నోటీసు వచ్చాక పరుగెత్తితే లాభం లేదు.

ఆ తరవాత, మొదటి ఏడాది మొత్తం ఫీజు కోసం ఆరాటపడకుండా, పుస్తకాలకి తొమ్మిది వేలు, మొదటి టర్ముకి పన్నెండు వేలు, ఈ రెంటికే నెలకి రూ.1,750 పెట్టండి. తక్కిన చేతిమిగులు అసలుకి కట్టండి. రెండో జూన్‌లో అప్పు అక్కర్లేదని కాదు. కానీ నగ బయటికి తీసేది పుస్తకాల దుకాణం ముందు నిలబడి కాదు, రెండో టర్ము గడువుకి, ఆగస్టులోనో సెప్టెంబరులోనో. అప్పటికి మొదటి అప్పులో కొంత భాగం తీరి ఉంటుంది. బడివాళ్ళతో టర్ముల తారీఖులు ఏప్రిల్‌లోనే మాట్లాడి కాగితం మీద రాయించుకోండి. జూన్‌లో ఆఫీసు ముందు వరసలో నిలబడి అడిగేదానికంటే ఏప్రిల్‌లో అడిగిన మాటకి విలువుంటుంది. ఆ రాయించుకున్న కాగితం పుస్తకం మొదటి పేజీకి, పన్నెండు గడుల పక్కనే, పిన్ను పెట్టి ఉంచండి.